గాలివాటు కాపురం

2008 జూన్‌లో ఒక రాత్రి, మెక్సికో పసిఫిక్ తీరంలో ఒక చిన్న తెరచాప పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చి ఇసుకలో కూరుకుపోయింది. పడవ పేరు నెరీడా. అందులో ఉన్నది ఒక్కరే, జీన్ సాక్రటీస్ అనే 65 ఏళ్ల బ్రిటిష్ మహిళ. ఒకప్పుడు లెక్కలు చెప్పిన అధ్యాపకురాలు. ఒంటరిగా భూగోళం చుట్టి వస్తున్నారు. బయలుదేరిన చోటును మళ్లీ తాకడానికి ఇంకో 60 మైళ్లు ఉందనగా ఈ ఆపద వచ్చిపడింది. ఇంకొకరికైతే బండి పోయినట్టు లెక్క. ఆమెకు ఇల్లే పోయింది. పడక, పొయ్యి, బట్టలు, పదకొండేళ్ల సంసారం అన్నీ ఆ పడవ కడుపులోనే ఉన్నాయి.

పదకొండేళ్లని ఎందుకు అనాల్సి వచ్చిందంటే, 1997లో జీన్, ఆమె భర్త జార్జ్ ఇద్దరూ గడువు రాకముందే ఉద్యోగాలకు దణ్ణం పెట్టి, కొత్త పడవ కొనుక్కుని, అందులో కాపురం పెట్టారు. జీన్ చిన్నప్పటి నుంచీ నీళ్ల మీద పెరిగిన మనిషేమీ కాదు. యాభయ్యో పడికి దగ్గర పడుతున్నప్పుడు తెరచాప తాడు మొదటిసారి పట్టుకున్నారు. ఇద్దరూ అట్లాంటిక్ దాటి కరీబియన్ దీవుల్లో, అమెరికా తీరంలో తిరిగారు. 2003లో జార్జ్ క్యాన్సర్‌తో పోయారు. ఇద్దరి కోసం కొన్న పడవ ఒక్కరికి మిగిలింది. అమ్మేసి ఒడ్డు చేరతారనే ఎవరైనా అనుకుంటారు. ఆమె ఆ పడవను ఒక్క చేతి మీద నడపడం నేర్చుకున్నారు.

ఉద్యోగం ముందే మానేసి, పడవ కొనుక్కుని, దేశాలు పట్టుకు తిరగాలనే కోరిక ఇంగ్లండు, ఫ్రాన్స్, అమెరికా, ఆస్ట్రేలియా వంటి చోట్ల మధ్యతరగతికి బాగా పరిచయం. మన వైపు ఇంటి పెద్ద రిటైరయితే కాశీ వెళ్లొస్తాడు, సొంతూళ్లో రెండు గదులు వేసుకుంటాడు, మనవల బడి ఫీజుల గురించి మాట్లాడతాడు. అక్కడ కొందరు ఇల్లమ్మి పడవ కొంటారు. అలా తిరిగేవాళ్లను క్రూయిజర్లంటారు. వాళ్ల ఫొటోల్లో నీలం నీళ్లు, తెల్ల ఇసుక, పడవ ముంగలి మీద కాళ్లు చాపుకున్న మనిషి కనిపిస్తాడు. ఇంజన్ గదిలో తల దూర్చి, మోచేతుల దాకా గ్రీజు పూసుకుని, జారిపోయిన నట్టు కోసం వెతుక్కుంటున్న మనిషి ఆ ఫొటోల్లో ఉండడు. సగం రోజులు నిజానికి అతనివే.

ఈ దారికి మూలపురుషుడు జాషువా స్లోకం. పెద్ద పెద్ద తెరచాప ఓడలకు కెప్టెన్‌గా చేసినవాడు. ఆవిరి ఓడలొచ్చాక తెరచాపల కాలం చెల్లింది, ఆయనకు పని లేకుండా పోయింది. ఓడలు బళ్లవుతాయన్న మన సామెత ఆయన విషయంలో అక్షరాలా జరిగింది. పాత మిత్రుడొకాయన ఓడ ఇస్తాను రమ్మన్నాడు. మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్ వెళ్లి చూస్తే అది ఏళ్ల తరబడి పొలంలో గుడ్డ కప్పుకుని నిలబడిన శిథిలం. పేరు స్ప్రే. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు. స్లోకం 13 నెలలు చెమటోడ్చి, 553 డాలర్ల 62 సెంట్లు ఖర్చుపెట్టి, ఒక్కో చెక్కనూ మార్చి దాన్ని మళ్లీ నిలబెట్టాడు. 1895 ఏప్రిల్ 24న బోస్టన్‌లో బయలుదేరేనాటికి ఆయన వయసు 51. 1898 జూన్ 27న న్యూపోర్ట్ రేవు చేరాడు. 46 వేల మైళ్ల ప్రయాణం. ఒంటరిగా తెరచాప మీద ప్రపంచం చుట్టిన మొదటి మనిషి ఆయనే.

సముద్రంలో ఎక్కడున్నామో లెక్కకట్టాలంటే కచ్చితమైన గడియారం కావాలి. స్లోకం దగ్గరున్నది తగరపు గడియారం. ధర డాలరున్నర, ముఖం పగిలి ఉందని కొట్టువాడు డాలరుకే ఇచ్చేశాడు. దానితోనే లోకం చుట్టాడు. ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఉన్న థర్స్‌డే దీవి నుంచి హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవుల దాకా 2,700 మైళ్లు 23 రోజుల్లో వెళ్లాడు. ఆ 23 రోజుల్లో ఆయన చుక్కాని పట్టుకున్నది మొత్తం కలిపి మూడు గంటలు. తెరచాపలు సరిగ్గా సర్దితే పడవ తన దారి తాను చూసుకునేది, ఆయన పుస్తకాలు చదువుకునేవాడు. ఎవరికైనా నోరూరించే రిటైర్మెంటు ఇది. అయితే అదే స్లోకం 1909లో అదే స్ప్రేలో దక్షిణ అమెరికా వైపు బయలుదేరాడు. తర్వాత ఆయన గానీ పడవ గానీ ఎవరికీ కనిపించలేదు.

స్లోకం తర్వాత ఎందరో వెళ్లారు. వాళ్లలో లిన్, లారీ పార్డీ దంపతుల దగ్గర కాస్త ఆగాలి. లారీ కెనడావాడు. లిన్ అమెరికా అమ్మాయి, ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు. కాలిఫోర్నియాలో సొంత చేతులతో చెక్క పడవ కట్టుకుని 1968లో నీళ్లలోకి దించారు. పేరు సెరాఫిన్, పొడవు 24 అడుగుల 4 అంగుళాలు. మన మూడు ఆటోలను ఒకదాని వెనక ఒకటి పెడితే దాదాపు అంత. అందులో ఇంజన్ లేదు. గాలి పడిపోతే తెడ్డు వేయాలి. దీపాలు కిరోసిన్‌వి. స్నానాల గది ఊసే లేదు. మరుగుదొడ్డి అంటే ఒక బకెట్టు. ఆ పడవలో 11 ఏళ్లు తిరిగి లోకం చుట్టి వచ్చారు. తర్వాత ఇంకాస్త పెద్దది, దాదాపు 30 అడుగులది, టాలీసిన్ అనే పడవ కట్టుకుని మళ్లీ బయలుదేరారు. దానికీ ఇంజన్ పెట్టలేదు.

వాళ్లు రిటైరైనవాళ్లు కారు. బయలుదేరేనాటికి ఇరవైల్లో ఉన్నారు. డబ్బు అడుగంటిన రేవులో ఆగి ఇతరుల పడవలు బాగుచేసేవారు, ఒకరి పడవను ఇంకో దేశానికి చేరవేసి కూలి తీసుకునేవారు, పత్రికలకు వ్యాసాలు రాసేవారు. కొన్ని నెలలు పని, మిగతా నెలలు తిరుగుడు. చిన్న పడవ చాలు, సాదా సరంజామా చాలు, రేపటి దాకా ఆగొద్దు అనేది ఆ దంపతుల సలహా సారం. లారీ 2020లో చనిపోయారు. పింఛను లెక్కలు తేలేదాకా ఆగి, అప్పుడు యాభై అడుగుల పడవ కొని, దాన్ని తిప్పలేక రేవులోనే కట్టేసుకున్న వాళ్లతో పోలిస్తే, ఈ ఇద్దరి లెక్కే సరైనదనిపిస్తుంది. అందరికీ కుదిరే లెక్క కాదనుకోండి. బకెట్టు విషయం దగ్గరే సగం మంది వెనక్కి తిరుగుతారు.

ఇప్పుడు డబ్బు సంగతి. ముందస్తు రిటైర్మెంటును ఇంగ్లీషులో ముద్దుగా ఫైర్ అంటారు. ఆ మాట ఇప్పుడు హైదరాబాద్ ఐటీ ఆఫీసుల క్యాంటీన్లలోనూ వినిపిస్తోంది. దానికి ఆధారమైన లెక్క 1994లో విలియం బెంజెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు వేసింది. కూడబెట్టిన మూలధనంలోంచి మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, ఆపైన ధరల పెరుగుదలను బట్టి పెంచుకుంటూ పోతే, అది 30 ఏళ్లు నిలుస్తుందని పాత మార్కెట్ లెక్కల మీద ఆయన తేల్చాడు. అంటే ఏడాది ఖర్చుకు 25 రెట్లు చేతిలో ఉండాలి. నెలకు 2 వేల డాలర్లతో బతికే జంటకు 6 లక్షల డాలర్లు. నలభై అయిదేళ్లకే మానేసేవాళ్లకు 30 ఏళ్లు చాలవు కాబట్టి ఇంకా ఎక్కువే కావాలి. పడవ ధర ఇందులో కలవదు. ఇల్లు ఏటేటా విలువ పెరుగుతుందని ఆశపడొచ్చు. పడవ కొన్న రోజు నుంచీ తరుగుతూనే ఉంటుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మనవాళ్లు. పడవ కొని చూడు అని కలపకపోవడానికి కారణం, బహుశా ఆ అవసరం రాకపోవడమే. పడవ ధరలో పదో వంతు ఏటా దాని మరమ్మతుకే పక్కన పెట్టుకోవాలని అనుభవజ్ఞులు చెప్పే కాకి లెక్క. ఉప్పునీరు దేన్నీ వదలదు. అడుగున నాచు, గుల్లలు పట్టి పడవ బరువెక్కుతుంది. ఏడాదికో రెండేళ్లకో దాన్ని క్రేనుతో ఒడ్డుకెత్తి, గీకి, నాచు పట్టని ప్రత్యేకమైన రంగు వేయాలి. తెరకొయ్యను నిలబెట్టే ఉక్కు తీగలు పైకి మెరుస్తూనే లోపల పుచ్చిపోతాయి. పది పదిహేనేళ్లకోసారి మొత్తం మార్చాలి. తెరచాపలను గాలి కంటే ఎండ ఎక్కువగా తింటుంది. బోట్ అనే ఇంగ్లీషు మాటలోని నాలుగు అక్షరాలను విడదీసి, ఇంకో వెయ్యి డాలర్లు బయటికి తియ్యమని అర్థం చెప్పుకుని నవ్వుకుంటారు క్రూయిజర్లు. ఆ నవ్వులో హాస్యం పాలు తక్కువే.

డబ్బుంటే చాలు, ఇక స్వేచ్ఛే అనుకుంటాం గదా. అక్కడే గాలి అడ్డుపడుతుంది. ఆఫీసులో సెలవుల పట్టిక ఉన్నట్టే సముద్రానికీ ఒక పంచాంగం ఉంది, దాన్ని దాటి పోవడానికి ఎవరికీ వీల్లేదు. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1న మొదలై నవంబర్ 30న ముగుస్తుంది. ఆ ఆరు నెలలు కరీబియన్ నడిబొడ్డున తిరిగితే బీమా కంపెనీ పరిహారం ఇవ్వనంటుంది. అందుకని పడవలన్నీ దక్షిణానికి, గ్రెనడా వైపు దిగిపోతాయి. అది తుపానుల దారికి బయట ఉందని నమ్మకం. 2004 సెప్టెంబర్‌లో ఐవాన్ హరికేన్ సరిగ్గా గ్రెనడా మీదుగానే పోయింది. ఒడ్డున నిలబెట్టిన వందల పడవలు పేకముక్కల్లా ఒకదాని మీదొకటి పడ్డాయి.

యూరప్ నుంచి అట్లాంటిక్ దాటేవాళ్లు నవంబర్ దాకా కెనరీ దీవుల్లో కాచుకుని ఉంటారు. అక్కడి లాస్ పాల్మాస్ రేవు నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియా దాకా 2,700 నాటికల్ మైళ్లు. ఒంటరిగా వెళ్లడానికి జంకేవాళ్ల కోసం 1986లో జిమ్మీ కార్నెల్ అనే నావికుడు ఒక సామూహిక యాత్ర మొదలుపెట్టాడు. మన పాదయాత్రల్లాగా అందరూ ఒకే రోజు బయలుదేరి ఎవరి నడక వాళ్లు నడుస్తారు. ఏటా అది సాగుతూనే ఉంది. అక్కడి నుంచి పనామా కాలువ దాటితే పసిఫిక్. గాలపాగోస్ దీవుల నుంచి మార్కెసస్ దీవుల దాకా దాదాపు 3 వేల నాటికల్ మైళ్ల నీళ్లే నీళ్లు, నడుమ ఒక్క ఊరు లేదు. నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. ఈ పడవల వేగం గంటకు అయిదారు నాటికల్ మైళ్లు, అంటే తొందర లేని సైకిలంత. ఆ సైకిలును రాత్రీ పగలూ ఆపకుండా మూడు నాలుగు వారాలు తొక్కినట్టు. వెనక నుంచి వీచే గాలి, మధ్య మధ్య కొబ్బరి దీవులు, కాబట్టి ఆ మార్గాన్ని నావికులు కొబ్బరిపాల దారి అంటారు. పేరు తీయనే. నవంబర్ వచ్చేసరికి మాత్రం దక్షిణ పసిఫిక్‌లో తుపానులు మొదలవుతాయి, ఏప్రిల్ దాకా ఉంటాయి. ఈలోగా న్యూజిలాండ్‌లోని ఓపువా రేవులోనో, ఆస్ట్రేలియాలోనో తలదాచుకోవాలి. నవంబర్ సముద్రం ఎలాంటిదో దివిసీమ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మరి నడిసముద్రంలో ఆ మూడు వారాలు ఇంట్లో ఏం జరుగుతుంది? ఇద్దరుంటే వంతులేసుకుంటారు. మూడు గంటలు ఒకరు కాపలా, మూడు గంటలు నిద్ర. మొగుడూ పెళ్లాల్లో ఒకరు లేచేసరికి ఇంకొకరు పడుకుంటారు, పలకరింపులు గుమ్మం దగ్గరే. ఒంటరివాళ్లు 20 నిమిషాలకు అలారం పెట్టుకుని కునుకు తీస్తారు. దిగంతం మీద కనిపించిన సరుకు ఓడ మీదికి రావడానికి దాదాపు అంత సమయమే పడుతుంది మరి. పొయ్యి ఉయ్యాలలా వేలాడుతుంది, పడవ ఎటు ఒరిగినా గిన్నె నిలువుగా ఉండేలా. మూత బిగుసుకునే ప్రెషర్ కుక్కరంటే క్రూయిజర్లకు ప్రాణం. ఒలకదు, గ్యాసు ఆదా. గుడ్లను కడగకుండా కొని, రెండు రోజులకోసారి తిరగేస్తూ వారాల తరబడి దాచుకుంటారు. ఫ్రిజ్ అక్కర్లేకుండా ఏడాది నిలిచే ఆవకాయ సంగతి వాళ్లకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. గిన్నెలు ఉప్పునీళ్లతో తోమి, కడపటి కడుగు మాత్రం మంచినీళ్లతో. స్నానానికి ఒక చెంబు. ఇప్పుడు చాలా పడవల మీద సౌర ఫలకలున్నాయి, సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రాలున్నాయి, ఉపగ్రహ ఇంటర్నెట్టూ ఉంది. ఇవన్నీ పాడయ్యేవే. పాడయినప్పుడు మెకానిక్ 1,500 మైళ్ల దూరంలో ఉంటాడు.

రేవు చేరినంత మాత్రాన నేల మీద కాలు పెట్టలేరు. పసుపు జెండా ఎగరేసి లంగరు వేసుకుని ఉండాలి. ముందు కెప్టెన్ ఒక్కడే వెళ్లి ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్, ఆరోగ్య శాఖ, వ్యవసాయ శాఖ గుమ్మాలెక్కి దిగాలి. అన్ని ముద్రలూ పడ్డాక పసుపు జెండా దింపి ఆ దేశపు జెండా కట్టాలి. న్యూజిలాండ్ అధికారులు తేనె సీసా, పచ్చి కూరలు, పళ్లు తీసేసుకుంటారు. గాలపాగోస్‌లో మునిగి చూసి, పడవ అడుగున నాచు కనిపిస్తే, సముద్రంలోకి తిరిగి వెళ్లి శుభ్రం చేసుకు రమ్మంటారు. యూరప్ కూటమి వాళ్లు కాని వారికి షెంజెన్ దేశాల్లో ప్రతి 180 రోజుల్లో 90 రోజులకే అనుమతి; చలికాలం తెరచాప చింపే గాలి వీస్తున్నా గడువు గడువే. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. చాలా దేశాలకు ముందుగా వీసా కావాలి, వీసా కావాలంటే చేరే తేదీ చెప్పాలి. ఆ తేదీ చేతిలో ఉన్నది గాలికి. పడవ మీద లోకం తిరగాలనే కల మన మధ్యతరగతిలో వేళ్లూనుకోకపోవడం ధైర్యం తక్కువై కాదు. రూపాయి, వీసా ఈ రెండే చాలు.

ఇక ప్రమాదాలు. తుపాను గురించి అందరూ అడుగుతారు. మనుషుల గురించి అడగరు. 2009 అక్టోబర్‌లో సీషెల్స్ దగ్గర పాల్, రేచెల్ చాండ్లర్ అనే బ్రిటిష్ జంటను సోమాలీ సముద్రపు దొంగలు వాళ్ల పడవలోంచే ఎత్తుకుపోయారు. 388 రోజులు బందీలుగా ఉంచారు. వదిలేశాక ఆ ఇద్దరూ ఏం చేశారంటే, దొరికిన అదే పడవను బాగుచేయించుకుని 2012లో మళ్లీ సముద్రమెక్కారు. అందరి కథా అలా ముగియలేదు. 2011 ఫిబ్రవరిలో క్వెస్ట్ అనే పడవ ముంబై నుంచి ఒమాన్‌లోని సలాలా వైపు వెళ్తుండగా దొంగల చేతికి చిక్కింది. అందులోని నలుగురు అమెరికన్లూ ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత చాలా ఏళ్లు తెరచాప పడవలు అరేబియా సముద్రాన్ని వదిలేసి, ఆఫ్రికా అడుగు కొసను చుట్టి పోయాయి. 2020 నుంచి స్పెయిన్, పోర్చుగల్ తీరాల్లో మరో వింత మొదలైంది. ఓర్కా తిమింగలాలు గుంపుగా వచ్చి పడవల చుక్కానులను విరగ్గొడుతున్నాయి. కొన్ని పడవలు మునిగాయి. ఆటకో కోపానికో ఎవరూ తేల్చలేదు.

ఇన్నిటికంటే ఎక్కువ పడవలను అమ్మకానికి పెట్టించేది ఇంట్లో మాట కలవకపోవడం. ఒకరి కలలో ఇంకొకరు ప్రయాణికులుగా ఉంటే ఆ పడవ మొదటి మహాసముద్రం దాటదు. ఎరిక్, సూసన్ హిస్కాక్ అనే ఇంగ్లిష్ జంట 1952 నుంచి 1955 దాకా వాండరర్ 3 అనే 30 అడుగుల పడవలో ప్రపంచం చుట్టింది. ఎరిక్‌కు చూపు బాగా తక్కువ. అయినా 1986లో ఆయన పోయేదాకా ఇద్దరూ పడవలను వదల్లేదు. తాడు ఎవరు పట్టాలో, లంగరు ఎవరు దించాలో వాళ్ల మధ్య తగువు రాలేదని ఎవరూ అనరు. ఇద్దరికీ ఆ పని చేతనవును, అంతే.

ఈ చరిత్రలో మనకూ కొంత చోటుంది. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా లోకం చుట్టిన మొదటి పడవ సుహేలీని బొంబాయిలో టేకు చెక్కతో కట్టారు. దాని యజమాని రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్‌మత్ నుంచి వెళ్లి 312 రోజులకు, 1969 ఏప్రిల్ 22న తిరిగొచ్చాడు. ఆ ప్రయాణం ఒక పందెం; అందులో తొమ్మిది మంది బయలుదేరితే పూర్తి చేసింది ఆయన ఒక్కడే. ఫ్రాన్స్ నావికుడు బెర్నార్ మ్వాటెసియే గెలిచే అవకాశం ఉండి కూడా ఇంటికి తిరగకుండా, ముందుకే సాగి తాహితి చేరాడు. ఆయన పడవ పేరు జాషువా. మనం చెప్పుకున్న స్లోకం పేరే.

మన నౌకాదళంలో దిలీప్ దోందే గోవాలో కట్టిన మాదేయి పడవలో 2010లో ఒంటరి ప్రదక్షిణ పూర్తి చేశారు. అభిలాష్ టామీ అదే పడవలో 2013లో ఎక్కడా ఆగకుండా చుట్టి వచ్చారు. 2018లో ఇంకో పందెంలో హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో తుపానులో ఆయన వెన్నెముక దెబ్బతింది, ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడింది. నౌకాదళం నుంచి ముందే రిటైరై, 2022లో అదే పందేనికి మళ్లీ వెళ్లి రెండో స్థానంలో నిలిచారు. విశ్రాంతి కోసం తీసుకున్న రిటైర్మెంటు కాదది.

తెలుగువాళ్ల మాటకొస్తే, 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి తారిణి అనే 56 అడుగుల పడవలో ఆరుగురు నౌకాదళ మహిళలు బయలుదేరారు. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆరుగురిలో హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి ఉన్నారు. ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లోని లిటిల్టన్, ఫాక్‌లాండ్ దీవులు, కేప్‌టౌన్ మీదుగా, కేప్ హార్న్ చుట్టి, 2018 మే 21న గోవా చేరారు. చివరి అంచెలో చుక్కాని యంత్రం మొరాయిస్తే మారిషస్‌లో ఆగి బాగుచేసుకున్నారు. మొత్తం 254 రోజులు. సెలవు పెట్టి కాదు, ఉద్యోగంలో భాగంగా. దిగాక మళ్లీ డ్యూటీకి వెళ్లారు.

మెక్సికో ఇసుకలో వదిలేసి వచ్చిన జీన్ సాక్రటీస్ సంగతి మిగిలింది. ఆ నెరీడా మళ్లీ నీళ్లలోకి దిగలేదు. ఆమె అదే పేరుతో 38 అడుగుల కొత్త పడవ చేయించుకున్నారు. 2011 జనవరిలో కేప్ హార్న్ దగ్గర అల దాన్ని పక్కకు పడగొట్టింది. బాగుచేయించుకున్నారు. 2012 అక్టోబర్‌లో కెనడాలోని విక్టోరియా నుంచి బయలుదేరి, ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయమూ అందుకోకుండా 259 రోజుల్లో తిరిగొచ్చారు. 2017లో ఇంకోసారి సిద్ధమవుతుండగా పడవ మీది నుంచి పడి మెడ ఎముక, పక్కటెముకలు విరగ్గొట్టుకున్నారు. ఏడాది ఆగి, 2018 అక్టోబర్ 3న మళ్లీ వెళ్లారు. దారిలో పెద్ద తెరచాప చిరిగితే ఊగే పడవ మీద కూర్చుని సూది దారంతో కుట్టుకుంటూ వచ్చారు. 2019 సెప్టెంబర్ 7న విక్టోరియా చేరేసరికి ఆమెకు 77. అలా ఒంటరిగా, ఆగకుండా లోకం చుట్టినవాళ్లలో అప్పటికి ఆమే అందరికంటే పెద్ద. ఆ రికార్డు ఆర్నెల్లు కూడా నిలవలేదు. 2020 ఫిబ్రవరిలో బిల్ హాట్‌ఫీల్డ్ అనే 81 ఏళ్ల ఆస్ట్రేలియా పెద్దాయన దాన్ని దాటేశాడు.

ఇదంతా విని ఎవరి మనసైనా అటు లాగితే, దయచేసి ఇల్లు అమ్మకండి. రాజీనామా కూడా రాయకండి. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప నేర్పే క్లబ్బులున్నాయి. వర్షాకాలంలో, ముసురు గాలి మొదలయ్యాక, అక్కడ ఏటా పోటీలు జరుగుతాయి. నేర్చుకునే లేజర్ పడవ పొడవు దాదాపు 14 అడుగులు, ఎక్కేది ఒక్కరే. మొదటి రోజునే అది తిరగబడుతుంది, దాన్ని నిలబెట్టి మళ్లీ ఎక్కడం నేర్పుతారు. ముందు ఒక సాయంత్రం వెళ్లి చూడండి. ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూడటానికి టికెట్ లేదు.